చెయ్యి పెట్టి చూపించలేని చోటు

నొప్పి ఎక్కడ వచ్చిందో ముందే చెప్పేస్తాను. ఎడమ వృషణంలో. ఈ ఒక్క మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఒకసారి "ఒక అవయవంలో" అని రాసి, నా మీద నాకే కోపం వచ్చి కాగితం చించేశాను. మొన్న శివరాత్రి అయిన తర్వాత ఒక ఆదివారం పొద్దున ఈ మాట ఎవరితోనైనా అని ఉంటే, ఇప్పుడు ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

నాకు పంతొమ్మిదేళ్ళు. మాది కర్నూలు పక్కన కల్లూరు. కడపలో డిగ్రీ చదువుతూ మా మేనమామ ఇంట్లో ఉంటున్నాను. మామకు బండలు కోసి పాలిష్ పట్టే మిషన్ ఉంది. ఇంట్లో మామ, అత్త, వాళ్ళమ్మాయి హారిక. హారికదీ నా వయసే, చదివేది వేరే కాలేజీ. మా ఇళ్ళల్లో మేనరికం మామూలు. హారిక పుట్టినప్పుడే మా జేజి, అంటే నాయనమ్మ, "ఇది మా పిల్లోనికే" అనేసిందట. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు గానీ, చుట్టాలు ఎవరొచ్చినా మమ్మల్ని చూసి అదో రకంగా నవ్వేవాళ్ళు. అందుకే ఆ ఇంట్లో అన్నానికి కూర్చున్నా చొక్కా సర్దుకుని కూర్చునేవాణ్ణి. కాబోయే అల్లుడు అత్త ముందు ఎలా ఉండాలో నాకెవరూ చెప్పలేదు. ఎలా ఉండకూడదో మాత్రం బాగా తెలుసు.

ఆ ఆదివారం మామ తెల్లారకముందే క్వారీకి పోయాడు. నేను స్నానానికి పోయి చెంబుతో నీళ్ళు ముంచుకుంటుండగా పట్టుకుంది. లోపల తాడును పట్టుకుని ఎవరో మెలిపెట్టినట్టుగా ఉంది. కింద మొదలై పొత్తికడుపులోకి ఎక్కింది. కళ్ళు బైర్లు కమ్మాయి, వాంతి అయ్యింది. గోడకు ఆనుకుని తడి బండల మీదే కూలబడ్డాను. ఆ చప్పుడుకు అత్త తలుపు దగ్గరికి వచ్చింది.

"ఏమైంది అబ్బీ?"

"కడుపు నొప్పి అత్తా."

అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించలేదు. నోటికి అదే వచ్చింది. కడుపంటే పదిమందిలో చెప్పుకోగలిగిన చోటు. మిగతాదానికి మా నోళ్ళలో మాటే లేదు. పుస్తకంలో ఉన్న మాట వచ్చేసరికి బళ్ళో మా సైన్స్ సారు "ఈ పాఠం ఇంటికాడ చదువుకోండప్పా" అని పేజీ తిప్పేశాడు. వాడుకలో ఉన్న మాట కొట్లాటలో తిట్టుకోవడానికి తప్ప పనికిరాదు. దాన్ని అత్తతో ఎలా అంటాను?

ఇంకొకటి కూడా ఉంది. పత్తికొండ దగ్గర మా నాన్న పుట్టిన ఊళ్ళో బుడ్డ, అంటే వరిబీజం, ఉన్న ముసలాయన ఒకాయన ఉండేవాడు. పంచె కట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ నడిచేవాడు. ఆయన అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఊరంతా ఆ జబ్బు పేరుతోనే పిలిచేది. సెలవులకు పోయినప్పుడు పిల్లలమంతా ఆయన వెనకాలే అలా నడిచేవాళ్ళం, పెద్దవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. ఆ చోట జబ్బు వస్తే మనిషికి సొంత పేరు కూడా మిగలదని నా బుర్రకు అప్పుడే ఎక్కి ఉంటుంది.

అత్త వాము నీళ్ళు కాచి ఇచ్చింది. "బనీను పైకెత్తు, బొడ్డు చుట్టూ ఆముదం రాస్తా" అంది. నేను దుప్పటి నడుం దాకా లాక్కుని పడుకున్నాను. ఆమె వేళ్ళు బొడ్డు దాటి కిందికి వస్తాయేమోనని నొప్పికంటే ఎక్కువ భయపడ్డాను. హారిక తన వేడినీళ్ళ సంచి తెచ్చి ఇచ్చింది. నెలనెలా తనకు నొప్పి వచ్చినప్పుడు పెట్టుకునేది అది.

"పెట్టుకో బావా. నాకైతే శానా మేలు అవుతాది" అంది.

హారికకు నొప్పి వస్తే ఇల్లంతా తెలిసేది. మంచం మీద ముడుచుకుని పడుకుని "అమ్మా, సస్తాండా" అని అరిచేది. మామ ఇంట్లో ఉంటే చెప్పులేసుకుని మెల్లగా బయటికి పోయేవాడు, అత్త ఆటో పిలిచి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయేది. ఆ అరుపులు విన్నప్పుడు ఈ పిల్లకు కొంచెం కూడా సిగ్గు లేదే అనుకునేవాణ్ణి నేను. ఆ రోజు దుప్పటి కింద, పళ్ళు బిగబట్టి, ఆ పిల్ల ఇచ్చిన సంచిని నొప్పి లేని చోట పెట్టుకుని పడుకున్నాను.

చిన్నప్పుడు నేనూ అరిచేవాణ్ణే. ఏడెనిమిదేళ్ళ వయసులో చెవి నొప్పి వస్తే వీధంతా వినబడేలా ఏడ్చాను, మా నాన్న భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. అదే నాన్న, నాకు మీసం వచ్చాక, ఇంటర్లో మోకాలు వాచి కుంటుతుంటే "మగపిల్లోనివి, ఇంతదానికే మూలుగుతావా" అన్నాడు. కోపంతో అన్నమాట కాదది. నన్ను పెద్దవాణ్ణి చేసి అన్నాడు, నాక్కూడా గొప్పగానే అనిపించింది. ఆ తర్వాత తలనొప్పి వచ్చినా ఇంట్లో చెప్పడం మానేశాను.

మధ్యాహ్నానికి అత్తకు భయం పట్టుకుంది. "ఇది ఇరవై నాలుగు గంటల నొప్పి మాదిరి ఉండాదప్పా, ఆలస్యం చేయగూడదు" అని ఆటో పిలిచింది. మా వైపు అపెండిక్స్‌ను అలాగే అంటారు. ఆటో గతుకులో పడ్డప్పుడల్లా ప్రాణం పోయి వచ్చేది. అత్త నా భుజం పట్టుకుని కూర్చుంది. డ్రైవరుతో "మెల్లగ పోప్పా, పిల్లోనికి బాగలేదు" అని దారి పొడుగునా చెబుతూనే ఉంది.

హారికను తీసుకుపోయే ఆసుపత్రికే పోయాం. నొప్పి కాసేపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తోంది. ఆ మధ్యలో బెంచీల మీద ఉన్నవాళ్ళను చూశాను. అమ్మల ఒళ్ళో పసివాళ్ళు ఉన్నారు, ఆడవాళ్ళు ఉన్నారు, తల్లుల పక్కన ఆడపిల్లలు ఉన్నారు. నా వయసు మగవాళ్ళు ఇద్దరే. ఒకడు బండి మీద నుంచి పడి మోచెయ్యి చీరుకున్నాడు, ఇంకొకడి కాలికి కట్టు ఉంది. వాళ్ళను చూసి నాకు అసూయ కలిగింది. కట్టు కట్టిన కాలును ఎవరికైనా చూపించొచ్చు.

పక్క బెంచీ మీద పదిహేనేళ్ళ పిల్ల పొట్ట పట్టుకుని వంగిపోయి ఉంది. వాళ్ళమ్మతో ఒక పెద్దామె "ఈ వయసులో మామూలేలేమ్మా, పెండ్లయితే సర్దుకుంటాది" అంటోంది. హారికతో కూడా చాలామంది ఇదే మాట అన్నారు, విన్న ప్రతిసారీ ఆ పిల్ల ఒంటికాలి మీద లేచేది. ఆడపిల్ల చెబితే మామూలే అంటారు. మగపిల్లవాడు అసలు చెప్పడు. అప్పుడు ఇంత ఆలోచన రాలేదు నాకు. నా వంతు త్వరగా రావాలని ఒక పక్క, రాకూడదని ఇంకో పక్క కోరుకుంటూ కూర్చున్నాను.

లోపల ఉన్నది వయసులో చిన్న డాక్టరమ్మ. అత్త నా వెంటే వచ్చి మంచం పక్కన నిలబడింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, అడగాల్సినవన్నీ అడిగింది. వాంతులు అయ్యాయా, జ్వరం ఉందా, మూత్రంలో మంట ఉందా. చివరికి నా ముఖంలోకి చూసి అడిగింది.

"కింద ఏమన్నా నొప్పి ఉందా?"

నేను అత్త ముఖం చూశాను.

"లేదు మేడం" అన్నాను.

ఈ ఒక్క జవాబు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. అడిగింది, నేను లేదన్నాను. నొప్పికి సూది వేసి, మాత్రలు రాసి, స్కానింగ్‌కు చీటీ ఇచ్చింది. ఆదివారం కాబట్టి అది తీసేవాళ్ళు లేరు, రేపు పొద్దున్నే రమ్మంది. రాత్రి నొప్పి పెరిగితే వెంటనే వచ్చేయమని అత్తకు గట్టిగా చెప్పింది. పెరగలేదు. సాయంత్రానికి తగ్గింది. దేవుడు దయ చూపాడు, ఎవరికీ తెలియకుండానే గట్టెక్కాను అనుకున్నాను. రాత్రి మామ వచ్చి అడిగితే "తగ్గింది మామా" అన్నాను.

తెల్లారి చూసుకుంటే వాచిపోయి, నల్లగా కమిలి ఉంది. జ్వరం కూడా ఉంది. అయినా ప్యాంటు వేసుకుని బయటికి వచ్చాను. స్కానింగ్‌కు తీసుకుపోతానని మామ బండి తీశాడు. నేను కాలు అటు వెయ్యలేకపోయాను. ఏమీ పాలుపోక రెండు కాళ్ళూ ఒకే పక్కకు పెట్టి ఎక్కి కూర్చున్నాను. అత్తా హారికా వాకిట్లోనే ఉన్నారు. మామ ఒకసారి వెనక్కి తిరిగి చూసి బండి పోనిచ్చాడు. సందు మలుపు తిరిగాక బండి ఆపాడు.

"ఏమప్పా, ఆడోళ్ళ మాదిరి కూచున్యావు?"

నేను సీటు వెనక కమ్మీని గట్టిగా పట్టుకున్నాను.

"కడుపు నొప్పోడు ఇట్ల కూచోడు. కింద ఏమన్నా అయిందా? నాతో చెప్పు. ఈడ నువ్వు, నేను తప్ప ఎవరూ లేరు."

తల ఊపాను. ఊపగానే ఏడుపు వచ్చేసింది.

"ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దున్నుంచి."

మామ బండిని అక్కడే ఒక కొట్టు ముందు పెట్టి, ఆటో ఆపి, నన్ను ఎత్తినంత పని చేసి ఎక్కించాడు. ఆ డాక్టరమ్మ దగ్గరికి కాకుండా ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

ఆ డాక్టరు నెమ్మదస్తుడు, కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. లోపల నరం మెలిక పడి రక్తం అందకుండా పోయిందని చెప్పాడు. ఈ వయసు పిల్లలకు ఏ దెబ్బా తగలకుండానే అలా అవుతుందట. "మొదటి కొన్ని గంటల్లో వచ్చి ఉంటే మెలిక తీసి నిలబెట్టేవాళ్ళం" అన్నాడు. నిన్న సాయంత్రం తగ్గింది కదా సార్ అన్నాను, అదేదో నా తరఫు సాక్ష్యం అయినట్టు. "తగ్గలేదు బాబూ, అది చచ్చిపోయింది" అన్నాడు. మధ్యాహ్నం ఆపరేషన్ చేసి తీసేశారు. రెండోదానికి మళ్ళీ అలా కాకుండా కుట్లు వేశారు.

ఇది చదివే నా వయసు వాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకటే చెబుతాను. అక్కడ ఉన్నట్టుండి నొప్పి వస్తే గంట కూడా ఆగొద్దు. మాట రాకపోతే చెయ్యి పెట్టి చూపించండి. నేను ఆ పని చెయ్యలేక పోగొట్టుకున్నాను.

నాన్నా అమ్మా కర్నూలు నుంచి బస్సులో వచ్చారు. నాన్న మంచం పక్కన కూర్చుని నా ముఖం తప్ప గదిలో అన్నీ చూశాడు. "క్రికెట్ ఆడేటప్పుడు బంతి ఏమన్నా తగిలిందా నాయనా?" అని చాలా ఆశగా అడిగాడు. తగిలిందని అంటే ఆయన మనసు కుదుటపడేదేమో. లేదన్నాను. అమ్మకు ఇరవై నాలుగు గంటల నొప్పి అని చెప్పి తీసుకొచ్చాడట. ఆసుపత్రిలో నిజం తెలిశాక అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని కాసేపు ఏడ్చి, "బయట మాత్రం అదే చెబుదాం" అంది. మామ సరేనన్నాడు; అత్తకూ హారికకూ అదే చెబుతాడనుకున్నాను. నా తరఫున ముగ్గురూ కలిసి మళ్ళీ నా అబద్ధమే ఆడాలని తీర్మానించారు. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

కట్టు మార్చే నర్సక్క మాత్రం మొదటి రోజే అందరినీ బయటికి పంపి, తెర లాగి, "నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉండారులే, సిగ్గుపడాకు" అంది. ఆమె ఉన్నంతసేపూ నాకు తేలిగ్గా ఉండేది. పక్క మంచం ఆయనకు కాలు విరిగింది. ఆయన నాకేమైందని ఒక్కసారి కూడా అడగలేదు, తనకు తెచ్చిన దానిమ్మ పండులో సగం నాకు ఇచ్చేవాడు.

ఎండాకాలమంతా కల్లూరులో గడిపాను. చూడటానికి చుట్టాలు వచ్చేవాళ్ళు. అపెండిక్స్ కుడి పక్క ఉంటుందని తెలుసుకుని, కుడి పక్క పట్టుకుని లేవడం అలవాటు చేసుకున్నాను. మా పెదనాన్న కొడుకు ఒకరోజు "కోత యాడ పెట్టినారు, సూపీయప్పా" అని నా చొక్కా పట్టుకున్నాడు. "కెమెరా పెట్టి చేసినారన్నా, కోత కనపడదు" అన్నాను. వాడు "అబ్బా, ఎంత మంచి వైద్యం వచ్చిండాది" అని మెచ్చుకున్నాడు. వాడు పోయాక స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఒకటి ఉన్నా పిల్లలు పుడతారు, దేనికీ లోటు ఉండదు అని డాక్టరు చెప్పాడు. ఆ మాట పగలు నమ్మేవాణ్ణి, రాత్రి నమ్మేవాణ్ణి కాదు. అన్నిటికంటే పెద్ద భయం వేరే. ఈ సంగతి అత్తకు తెలిస్తే నేను ఆ ఇంటి గడప ఎలా తొక్కుతాను? ఆమె తన కూతుర్ని నాకు ఇవ్వాలనుకుంటున్న మనిషి. ఇంత దాచి ఆ పిల్లను పెళ్ళి చేసుకుంటే నేనేం మనిషిని? చెబితే ఏమవుతుంది? ఈ రెండింటి మధ్య ఆ ఎండాకాలం గడిచింది.

వానలు మొదలై, కాలేజీ తెరిచాక కడపకు వచ్చాను. అత్త ఎప్పటిలాగే చూసుకుంది. నేను ఎప్పటిలాగే కుడి పక్క పట్టుకుని లేచాను. ఒకసారి మళ్ళీ వచ్చి చూపించుకోమని పెద్ద డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆ రోజు మామకు మిషన్ దగ్గర లోడు దిగుతోంది. నేనొక్కణ్ణే పోతానన్నాను. "నేను వస్తా పా" అని అత్త సంచి తీసుకుంది. వద్దంటే అనుమానం వస్తుందని ఊరుకున్నాను. దారి పొడుగునా, ఆమెను గది బయట ఎలా ఆపాలా అని ఆలోచిస్తూ పోయాను.

ఆపాల్సిన పని రాలేదు. నా పేరు పిలిచినప్పుడు అత్త బెంచీ మీద నుంచి లేవలేదు.

"నువ్వు పోయిరా అబ్బీ. నేను ఈడనే కూచుంటా."

అపెండిక్స్ అయితే అత్త బయట కూర్చునే రకం కాదు. నాకంటే ముందు లోపలికి పోయి డాక్టరును నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. నేను నిలబడ్డవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను.

"నీకు తెలుసా అత్తా?"

"మీ మామ ఆ పొద్దే చెప్పినాడు. హారికకు నేను చెప్పినా. దానికి తెలీకుండా ఎట్ల పెట్టేది?"

"ఏమనింది?"

"ఏమంటాది? నాకు నొప్పొస్తే ఇల్లంతా తెలుస్తాది గదమ్మా, బావకు అంత సిగ్గెందుకు అని ఏడ్చింది."

తల పైకెత్తలేకపోయాను. రోజూ వాళ్ళిద్దరి ముందూ కుడి పక్క పట్టుకుని లేచాను. వాళ్ళు చూసి, ఏమీ తెలియనట్టు ఉన్నారు. లోపలి నుంచి నా పేరు మళ్ళీ పిలిచారు. అత్త చెయ్యి ఎత్తి, వస్తున్నాం అన్నట్టు చూపించింది.

"నువ్వు పక్కన ఉండావని డాక్టరమ్మకు చెప్పలేకపోతి అత్తా" అన్నాను.

"బయటికి పొమ్మని ఉంటే పోయేదాన్ని గదప్పా." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, నా వైపు చూడకుండా చెప్పింది. "నువ్వు పొమ్మనేది ఏంది, నేనే పోవాల్సింది. ఆటోలో నువ్వు చెయ్యి యాడ పెట్టుకున్యావో చూసినా. కడుపు కాదని అప్పుడే అనుకున్యా. ఆయమ్మ కింద నొప్పి ఉందా అని అడిగినప్పుడు నువ్వు నా మొగం చూసినావు. నేను గోడ పక్కకు తిరుక్కుంటి. హారిక అయ్యుంటే గుడ్డ ఎత్తి చూసేదాన్ని. మగపిల్లోడు, అందులోనూ అల్లుడు, ఎట్ల అడిగేదని నాకు సిగ్గయింది."

అంతవరకూ ఆ గదిలో సిగ్గుపడింది నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆ ఆదివారం ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. నొప్పి ఎక్కడో నాకు తెలుసు, అత్తకూ తెలుసు. వైద్యం చెయ్యగలిగిన ఆ ఒక్కరికే మేము చెప్పలేదు.